చెనక్కాయ చేల బ్యాటరీలు

మా నల్లగుట్టపల్లెలో పెంచలనరసయ్య ట్రాక్టరు చదును నేల మీద నిలబడి ఉండగా చూసినవాళ్లు లేరు. ఊరికి పడమర చిన్న మిట్ట ఒకటి ఉంది. బండి ముక్కు పల్లానికి తిప్పి, ముందు చక్రాలకు రెండు రాళ్లు అడ్డం పెట్టి ఆ మిట్ట మీదే నిలుపుతాడు. పొద్దున్నే రాళ్లు తీసి, గేరులో పెట్టి క్లచ్ వదిలితే బండి నాలుగు గజాలు దొర్లి, దగ్గి, లేస్తుంది. బ్యాటరీ ఉండాల్సిన గూట్లో ఒక గోనెసంచి, రెండు స్పానర్లు, పెంచలకోన గుడి కుంకుమ పొట్లం ఉంటాయి.

బ్యాటరీ చేలో ఉంటుంది. అది ఒక్క నరసయ్య పద్ధతే కాదు, మర్రిపాడు మండలంలో మా కొండవారన సేద్యం చేసేవాళ్లలో చాలామందిది. వేరుశెనగ, మా మాటలో చెనక్కాయ, కాయ పట్టే నాటికి అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రిలో ఎకరా నేలను మడక కట్టి దున్నినట్టు చేసిపోతాయి. అందుకని చేను చుట్టూ సన్నతీగ లాగి, ఝట్కా మిషన్ అనే చిన్న పెట్టెను బ్యాటరీకి తగిలిస్తారు. ముట్టె తగిలిన పందికి చెంపదెబ్బ కొట్టినట్టు ఉంటుంది, ప్రాణం పోదు. పగలు సోలారు పలకతో బ్యాటరీ నిండుతుంది. కొందరు దానికని వేరే బ్యాటరీ తెచ్చుకున్నారు. నరసయ్య ట్రాక్టరుది ఊడదీసి పెట్టాడు.

ఆత్మకూరులో బండ్లకు కరెంటు పని చేసే సుధీర్ అది చూసి ఒకసారి అన్నాడు.

“అన్నా, బ్యాటరీ లేకుండా ఇంజను తిప్పితే డైనమో కాలిపోతాది.”

“కాలనీలే. నేను దున్నేది పొద్దు ఉన్నప్పుడేగా. సూర్యుడికి డైనమో ఎవురు పెట్టినారు?” అని నవ్వి వచ్చేశాడు నరసయ్య.

ఆయన అట్లాంటి మనిషి. నలభై నాలుగేళ్లు ఉంటాయి. ఎండకు నల్లబడిన ముఖం, చెవిలో బీడీ. ఎవరింట్లో పురుడొచ్చినా, పాము కరిచినా అడగకముందే ట్రాలీలో గడ్డి పరిచి పట్టలు వేసుకుని వాకిట్లోకి వచ్చేవాడు. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాక వాళ్లింట్లో మజ్జిగ తాగిపోయేవాడు. అంతకు మించి ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఇదంతా ఎవరు నేర్పారంటే, వాళ్ల అక్క చెంచులక్ష్మి పేరు చెప్పేవాడు.

తల్లి పోయేనాటికి నరసయ్యకు ఆరేళ్లు, చెంచులక్ష్మికి పద్నాలుగు. ఆ పిల్ల మర్నాటి నుంచి కంకర మిషన్‌కు పోయింది. మిషన్ నోట్లోకి రాళ్లు అందించే పని. సాయంత్రం ఇంటికి వస్తే రెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉండేదట. తమ్ముడు డ్రైవింగు నేర్చుకుని, పాత ట్రాక్టరు ఒకటి తెచ్చుకుని, పెళ్లి చేసుకునేదాకా ఇరవై రెండేళ్లు ఆ దుమ్ములోనే నిలబడింది. తనకు పెళ్లి సంబంధాలు వస్తే ‘వాడు పెద్దోడు కానీండి’ అనేది. వాడు పెద్దవాడయ్యేసరికి సంబంధాలు రావడం ఆగిపోయింది. ట్రాక్టరు వచ్చిన మొదటి శనివారం నరసయ్య ఆమెను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని పెంచలకోన తీసుకుపోయాడు. దారి పొడవునా ఆమె స్వామి నామం చెప్పుకోలేదు. “మెల్లగా పోరా, మెల్లగా పోరా” అనే చెప్పింది.

నాలుగేళ్ల నుంచి ఆమె ఊపిరి బాగాలేదు. దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిందని నెల్లూరులో డాక్టర్లు చెప్పారు. పోయిన ఏడు వేసవికి మంచం దిగి వాకిలి దాకా నడవడం కూడా కష్టమైంది. అప్పుడు మా సబ్‌సెంటరు నర్సు జెస్సీ ఒక పని చేసింది. కరోనా రోజుల్లో ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన ఆక్సిజన్ మిషన్ ఒకటి ఒక గదిలో బట్ట కప్పి ఉంటే, పైవాళ్ల వెంటబడి, సంతకాలు పెట్టించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. గాలిలోంచే ఆక్సిజన్ తీసి గొట్టంలోకి పంపే యంత్రం అది. దానికి కరెంటు ఉండాలి. కరెంటు పోతే వాడుకోవడానికి ఒక చిన్న సిలిండరు కూడా ఇచ్చింది. ‘పన్నెండు గంటలు వస్తాది, అంతకు మించి రాదు’ అని చెప్పి, వేలికి తగిలించి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసే చిన్న క్లిప్పు ఒకటి ఇచ్చి, దాని మీద అంకె తొంభైకి తగ్గకుండా చూసుకోమంది.

మా వైపు కరెంటు పన్నెండు గంటలు పోయిన రోజులు తక్కువ. అందరం అట్లాగే అనుకున్నాం.

అక్టోబరు చివర్లో వచ్చిన తుఫాను గురువారం సాయంత్రం ఆరున్నరకు కరెంటు తీసుకుపోయింది. గాలికి మర్రిపాడు దారిలో స్తంభాలు వరసగా పడ్డాయి. సెల్ టవరు కూడా ఆగింది. తెల్లవారేసరికి వాన తెరిపి ఇచ్చింది కానీ, ఊరికీ తారురోడ్డుకూ మధ్య ఉన్న వాగు చప్టా మీద నిలువెత్తు పారుతోంది. సిలిండరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది.

నరసయ్య భార్య రజిత ముల్లును చూసి లేచి నిలబడింది. “ఏమయ్యా, ఇంకో గంట గూడా రాదు ఇది.”

“నాకు తెలుసులేమ్మే. బండి తెస్తుండా.”

ఆయన ఆలోచన సరైనదే. ట్రాక్టరు ఇంజను తిరుగుతుంటే డైనమో బ్యాటరీని నింపుతుంది. బ్యాటరీకి ఇన్వర్టరు తగిలిస్తే ఇంట్లో కరెంటు వస్తుంది. ట్రాక్టరుకు చేతి యాక్సిలేటరు ఉంటుంది కాబట్టి, ఇంజనును ఒకే వేగంలో పెట్టి వదిలేయొచ్చు. ట్యాంకులో డీజిలు ఉన్నంతసేపు ఊపిరికి భయం లేదు. డీజిలు సగం ట్యాంకు ఉంది. తెల్లవారకముందే మోకాలి లోతు బురదలో చేలోకి పోయి ఝట్కా మిషన్ నుంచి తన బ్యాటరీ ఊడబెరికి భుజాన పెట్టుకుని తెచ్చి ఉంచాడు. ఇప్పుడు ఇన్వర్టరు కోసం జనార్దనయ్య ఇంటికి పరిగెత్తాడు.

జనార్దనయ్య మా ఊరి పెద్ద రైతు, డెబ్బై దాటిన మనిషి. అరుగు మీద తుండుగుడ్డ కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

“మామా, నీ ఇన్వర్టరు కావాల.”

“దాని బ్యాటరీ రేత్రే చచ్చిపోయినాదిరా నరసా. పెట్టె బాగుండాది. ఎవురికి? చెంచమ్మకేనా?”

“అవును మామా. ట్రాక్టరుకు తగిలించి చూస్తా. ఒకవేళ పెట్టె కాలిపోతే…”

“కాలితే దాని చోట నీ తలకాయ పెట్టుకుంటానులే. పో ముందు! కారు ఉంటే కారే ఇచ్చేవాణ్ణి, మావాడు దాన్ని నెల్లూరు తీసకపోయి ఆడనే ఇరుక్కున్నాడు.”

నరసయ్య దగ్గరున్న లావు వైర్లు మనిషి చెయ్యంత పొడవు. అందుకని బండి గోడకు ఆనేంత దగ్గరగా రావాలి. మొదట తూర్పు కిటికీకి తెచ్చాడు. గాలి తూర్పు నుంచి కొడుతోంది, పొగంతా గదిలోకి పోయింది. చెంచులక్ష్మి దగ్గుతో మంచం మీద వంగిపోయింది. రజిత అరిచిన అరుపుకు బండి తిప్పి పడమటి కిటికీ కింద పెట్టాడు. అక్కడ గాలి పొగను చేలవైపు తోసుకుపోయింది. వైర్లు బిగించి, చేతి యాక్సిలేటరు లాగి, ఇన్వర్టరు నొక్కాడు. పచ్చలైటు వెలిగింది. లోపల ఆక్సిజన్ మిషన్ ఒకసారి కూసి, బుస్సు… బుస్సు… మని మొదలుపెట్టింది.

వేలి క్లిప్పు మీద డెబ్బై ఎనిమిది ఉన్నది ఎనభై నాలుగైంది. కాసేపటికి తొంభై ఒకటి.

చెంచులక్ష్మి కిటికీలోంచి ఇంజనును చూసి, రెండు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకుంటూ అంది. “ఇంత కాలానికి… నీ బండి… నాకొక బాడిగ కొట్టినాదిరా.”

నరసయ్య ఇంజను మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి కళ్లకు అద్దుకున్నాడు. రజిత పొయ్యి రాజేసింది. పక్కింటివాళ్లు కాఫీ పట్టుకొచ్చారు. సరిగ్గా గంటా పది నిమిషాలు ఆ ఇంట్లో భయం లేదు.

తర్వాత ఇన్వర్టరు కీచుమంది. ఎర్రలైటు వెలిగి ఆరుతోంది. బ్యాటరీ అయిపోవస్తోందని అర్థం.

నరసయ్య యాక్సిలేటరు ఇంకా లాగాడు. ఇంజను గోల పెరిగింది కానీ కీచు ఆగలేదు. హెడ్‌లైటు వేసి చూశాడు. డైనమో పనిచేస్తుంటే ఇంజను వేగానికి లైటు తెల్లబడాలి. అది పొయ్యిలో కట్టె కొసలాగ ఎర్రగా వెలుగుతోంది. ఎంత లాగినా అంతే ఉంది. వంగి డైనమో దగ్గర ముక్కు పెట్టాడు. పాత మాడు వాసన, ఎప్పుడో కాలిపోయిన వాసన.

అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. కిందటేడు కోతలయ్యాక బ్యాటరీ తెచ్చి బండికి పెట్టినప్పుడు, మీటర్ల దగ్గర చిన్న ఎర్రలైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. చార్జింగు కావడం లేదని చెప్పే లైటు. కంటికి చీదరగా ఉందని బల్బు పీకి పారేశాడు. మిట్ట మీద దొర్లించి నడుపుకునేవాడికి చార్జింగుతో ఏం పని అనుకున్నాడు.

ఆయన ఇంజను ఆపేశాడు. డీజిలు ఉన్నా ఇక దానితో పని లేదు.

లోపల మిషన్ కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో చెంచులక్ష్మి ఊపిరి శబ్దం కిటికీ బయటికి వినిపించింది.

“ఏమైనాది?” అని రజిత పరిగెత్తుకొచ్చింది.

“నేనే చంపేసినాను మే, అక్కను. నా చేతులతోనే,” అని నరసయ్య ట్రాక్టరు చక్రానికి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండోసారి కొట్టుకునేసరికి వెనకనుంచి ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. చూస్తే జనార్దనయ్య.

“తలకాయ పగిలితే కరెంటు వస్తాదంట్రా? ఊళ్లో ఇంకో ట్రాక్టరు యాడుండాది?”

“రెండుండాయి మామా. రెండూ వరిమళ్ల దమ్ముకు అనంతసాగరం పోయినాయి.”

“మోటారు సైకిళ్లు?”

“చాలవు. అవి చిటికెన వేలంత బ్యాటరీలు.”

ముసలాయన కాసేపు కొండవైపు చూశాడు. పంచె ఎగగట్టి చేలవైపు నడిచాడు. ముప్పావు గంటకు తిరిగి వచ్చాడు. తలమీద తుండుగుడ్డ, దాని మీద బ్యాటరీ, మొహమంతా వానో చెమటో తెలియడం లేదు. తన మూడెకరాల చెనక్కాయ చేను కంచెకు ఉన్న బ్యాటరీ అది. ఇంకో వారానికి పీకాల్సిన పంట.

“మామా, రాత్రికి పందులు…”

“రాత్రి రానీ చూద్దాం. పట్టుకోరా, మెడ విరిగిపోతుండాది!”

ఆ ముప్పావు గంట చెంచులక్ష్మి ఎట్లా గడిపిందో రజిత ఇప్పటికీ చెప్పలేదు. అంకె అరవై తొమ్మిది దాకా పోయిందని మాత్రం చెప్పింది.

ఈసారి బ్యాటరీ మంచం పక్కకే తెచ్చి పెట్టారు. మిషన్ మళ్లీ బుసకొట్టింది. జనార్దనయ్య అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లను పిలిచి ఒకటే మాట చెప్పాడు: కంచె బ్యాటరీ ఉన్నవాళ్లంతా తీసుకురండి. ఎందుకని ఎవరూ అడగలేదు. మబ్బుల వల్ల మూడు రోజుల నుంచి సోలారు పలకలకు ఎండ లేదు, బ్యాటరీల్లో సగం సత్తువే ఉంది. అయినా రామనారాయణ తెచ్చాడు. అతనికి వారం కింద అన్న చనిపోయాడు, మైలలో ఉన్నవాడు గడప లోపలికి రాకూడదని బయటే దించి, దూరంగా నిలబడ్డాడు. చెంచులక్ష్మి అది గమనించి లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. ఇంకో ఇద్దరు ఒకే కావడికి చెరో వైపు వేలాడదీసుకుని వచ్చారు. మధ్యాహ్నానికి ఆరు బ్యాటరీలు వరసగా చేరాయి.

ఏడోది వెంగయ్యది. వెంగయ్య చెరువుకట్ట కింద గుడిసెల్లో ఉంటాడు. సోమశిల నీళ్లలో వల వేసి బతికే కుటుంబం. ఈ ఏడే మొదటిసారి అరెకరా కౌలుకు పట్టి చెనక్కాయ వేశాడు. కాయ బాగా దిగిందని చెట్టు పీకి నాకు కూడా చూపించాడు. బ్యాటరీ గడపలో దించి “ఇది చిన్నదన్నా, అరగంట కూడా రాదేమో” అని అదేదో తన తప్పయినట్టు చెప్పాడు.

ఒక్కో బ్యాటరీ నలభై నిమిషాలు వస్తోంది, కొన్ని అరగంటకే కీచుమంటున్నాయి. గొట్టంలో గాలి తగ్గించి పెడితే ఎక్కువసేపు వస్తుందేమోనని నరసయ్య మిషన్ మీద మర తక్కువకు తిప్పి చూశాడు. తేడా రాలేదు. గాలి తగ్గినా మిషన్ తినే కరెంటు అంతే. “ఆపితేనే మిగులు,” అని రజితతో అన్నాడు.

అది విని చెంచులక్ష్మి తానే చెయ్యి చాపి మిషన్ ఆపేసింది.

“అక్కా, ఏం చేస్తుండావు?”

“కొంచేపు… ఆపు. నాకు… కావాలనిపిస్తే… చెయ్యెత్తుతా.”

“వద్దక్కా.”

“నిన్ను… పెంచేటప్పుడు… బియ్యం గూడా… ఇట్నే… వండినానురా. ఒక పూట… వండి… ఒక పూట…” తర్వాత మాట రాలేదు. నవ్వు మాత్రం వచ్చింది.

అప్పటి నుంచి పది నిమిషాలు మిషన్ నడిపి, పది నిమిషాలు ఆపారు. ఆగిన ప్రతిసారీ నరసయ్య ఆమె కుడిచెయ్యి మీదే చూపు పెట్టి కూర్చునేవాడు. వేళ్లు నీలంగా మారేవి. చెయ్యి లేచేది కాదు. ఆమె ఎప్పుడూ తనంతట తాను ఎత్తలేదు. అంకె డెబ్బైకి దిగగానే రజితే స్విచ్చి వేసేది. ఆ గదిలో ఎవరూ దేవుణ్ణి పైకి పిలవలేదు. మొక్కు మొక్కుకుందామనుకుని కూడా పైకి అనలేదని నరసయ్య తర్వాత చెప్పాడు. పలకని మొక్కులు కూడా స్వామి వింటాడనే నా నమ్మకం.

రెండు గంటలకు వాగు అవతలి గట్టు మీద జెస్సీ కనిపించింది. పొద్దున వాగు ఇవతలనుంచి ఎవరో అరిచి చెప్పిన కబురు నోటినోటికి పోయి ఆమెకు చేరింది. అంబులెన్సును పడిపోయిన చెట్ల మధ్యనుంచి తీసుకొచ్చి, దానిలోని సిలిండరుతో నిలబడి ఉంది. వాగు మాత్రం రొమ్ములెత్తు పారుతోంది. “ఎన్ని బ్యాటరీలు ఉండాయి?” అని అరిచింది. “మూడు!” అని ఇటునుంచి అరిచారు.

వెంగయ్య నడుముకు తాడు కట్టుకుని దిగాడు. సగం దాకా పోయి కొట్టుకుపోయి, తాడు పట్టుకుని లాగితే వచ్చాడు. మోకాళ్లు గీసుకుపోయాయి. గంట ఆగి మళ్లీ దిగాడు. మళ్లీ వెనక్కి తోసింది. మూడోసారి లారీ ట్యూబు తెచ్చాడు. నీళ్లలో వలలు కట్టడానికి దాని మీదే కూర్చుని పోయేవాళ్లు వాళ్లు. నాలుగు దాటాక, ట్యూబు రొమ్ము కింద పెట్టుకుని, నీటి వాలుకు అడ్డంగా కొట్టకుండా వాలుతో పాటే జారుతూ ఎక్కడో దిగువన అవతలి గట్టు పట్టి, నడుము తాడును అక్కడి చెట్టుకు కట్టాడు.

అప్పటికి ఇంట్లో ఆఖరి బ్యాటరీ నడుస్తోంది. అది వెంగయ్యదే. పద్దెనిమిది నిమిషాలకు కీచుమంది. ఇరవయ్యో నిమిషానికి ఆగింది.

ఆ తర్వాతది ఎంతసేపో నేను లెక్క చెప్పలేను. నరసయ్య అక్క తల తన భుజానికి ఆనించుకుని, నోటితో విసనకర్రలాగ ఊదుతూ కూర్చున్నాడు. అది పనికిరాదని ఆయనకు తెలుసు. రజిత “వదినా, వదినా, ఇటు చూడు” అంటూనే ఉంది. క్లిప్పు మీద యాభై ఎనిమిది కనిపించి, తర్వాత గీతలు మాత్రం వచ్చాయి.

వాకిట్లో గోల అయింది. వెంగయ్య భుజం మీద సిలిండరు, వెనక తాడు పట్టుకుని వాగు దాటిన జెస్సీ, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంటే పడుతూ లేస్తూ వచ్చింది. ముసుగు ముక్కుకు పెట్టి సిలిండరు తిప్పింది. తర్వాత నేల మీద కూర్చుని కళ్లు మూసుకుంది. ఆమె పెదాలు కదిలాయి. అది ఏ దేవుడికో అందరికీ తెలుసు, నరసయ్య కూడా ఆమెతో పాటు చేతులు జోడించాడు.

అంకె అరవై ఒకటి. అరవై ఎనిమిది. డెబ్బై అయిదు.

“ఇక్కడ పెట్టుకోకూడదు. వెలుతురు ఉండగానే దాటించేద్దాం. నీళ్లు నడుములోతుకు వచ్చినాయి,” అంది జెస్సీ.

మంచంతో సహా ఎనిమిదిమంది నెత్తిన పెట్టుకుని దాటారు. ముందు వెంగయ్య లోతు చూపిస్తూ నడిచాడు. అవతల అంబులెన్సు ఎక్కించాక నరసయ్య తానూ ఎక్కబోయాడు.

“అన్నా, ఆత్మకూరు ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు. రాత్రికి మొగోళ్లను ఉండనియ్యరు. రజితక్క వస్తాది,” అంది జెస్సీ.

ఆయన తలుపు పట్టుకుని వదలలేదు. చెంచులక్ష్మి ఆ చెయ్యి మీద తన వేళ్లు పెట్టి, ఇంకో చేత్తో ముసుగు కొంచెం ఎత్తింది.

“చేలు… బ్యాటరీలు లేవు… నువ్వు పోరా.”

తలుపు మూసుకుంది.

ఖాళీ అయిన బ్యాటరీలు కంచెకు తగిలించినా పనికిరావు. ఇక తప్పదని ఊళ్లో మగవాళ్లంతా నూనెడబ్బాలు, పళ్లేలు పట్టుకుని చేలకు పోయారు. నరసయ్య జనార్దనయ్య చేలో కూర్చున్నాడు. ముసలాయన్ను ఇంటికి పొమ్మని, ఆయన మూడెకరాల చుట్టూ డబ్బా కొడుతూ తిరిగాడు. ఫోన్లు లేవు. అక్క ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. పందులు రెండుసార్లు వచ్చాయి, రెండుసార్లూ అరిచి తరిమాడు. ఆ అరుపులో పందుల మీద కోపం ఎంతో, తన మీద ఏడుపు ఎంతో అవతలి చేలో ఉన్న రామనారాయణకు తెలిసింది. అతను కాసేపటికొకసారి “నరసా, ఉండావా?” అని అరిచేవాడు. “ఉండా” అనేదాకా ఊరుకునేవాడు కాదు.

తెల్లారాక డబ్బాలు పట్టుకుని అందరూ దిగుతుంటే, కొండ మొదట్లో ఒక చిన్న చేను కనిపించింది. నేలంతా తిరగేసి ఉంది. చెనక్కాయ తీగలు వేళ్లతో సహా బోర్లాపడి, నమిలిన తొక్కలు నీళ్లలో తేలుతున్నాయి. నరసయ్య ఒక్కసారిగా నిలబడిపోయాడు. అది వెంగయ్య అరెకరా.

బ్యాటరీలు ఇచ్చిన ఆరుగురి చేలకూ నరసయ్య చేనుకూ కాపలా కూర్చున్నాం. ఏడో బ్యాటరీ ఇచ్చినవాడి చేను ఎవరికీ గుర్తు రాలేదు. వెంగయ్య మూడుసార్లు వాగులో నానిన ఒంటితో, మంచం దాటించి వచ్చి జ్వరంతో గుడిసెలో పడుకున్నాడు. ఆయన తరఫున పోవాల్సింది ఎవరో మేమెవరం అనుకోలేదు.

నరసయ్య పోయి చూస్తే వెంగయ్య, భార్య అప్పటికే ఆ బురదలో కూర్చుని, పందులు వదిలేసిన కాయలు ఏరుతున్నారు. ఒక గంప అడుగున నాలుగు దోసిళ్లు ఉన్నాయి.

“వెంగయ్యా…”

“ఆ, అన్నా. లక్ష్మక్క ఎట్టుండాది?”

“తెలీదు. నీ చేను… నేను మర్చిపోయినాను వెంగయ్యా.”

“నేను గూడా మర్చిపోయినాను లేన్నా. జ్వరం వచ్చినాది కదా,” అన్నాడు వెంగయ్య. “పందులు మాత్రం మర్చిపోలా.” భార్య ఆ మాటకు నవ్వకుండా మొహం పక్కకు తిప్పుకుంది. కళ్లు తుడుచుకుని మళ్లీ ఏరింది.

నరసయ్య చెప్పులు విడిచి ఆమె వెనక సాలులో కూర్చున్నాడు. బురదలో వేళ్లు పెట్టి కాయ కోసం వెతకడం మొదలుపెట్టాడు. దొరికినవి చొక్కా కొనతో తుడిచి గంపలో వేశాడు. రామనారాయణ వచ్చి ఇంకో సాలులో కూర్చున్నాడు. ఇంకొందరు వచ్చారు.

పది గంటలప్పుడు గట్టు మీదనుంచి జెస్సీ గొంతు వినిపించింది. చెప్పులు చేత పట్టుకుని వస్తోంది. నరసయ్య లేవలేదు. ఆమె మొహం చూడడానికి భయపడి చేతుల్లోని కాయలే చూస్తూ కూర్చున్నాడు.

“అన్నా, తొంభై రెండు ఉండాది. పొద్దున గంజి తాగినాది. నిన్ను తిట్టినాది.”

“ఏమని?”

“తల తుడుచుకోకుండా వానలో తిరుగుతుంటాడు, వాడికి ఎప్పుడు బుద్ధొస్తాదో అని.”

నరసయ్య బురద చేతులతోనే మొహం కప్పుకున్నాడు. వెంగయ్య గంప ఆయన దగ్గరికి జరిపి, “ఏడ్చినంతసేపు ఏడువన్నా, మేం ఏరుతుంటాం” అని, తన సాలు వదిలి ఆయన సాలులోకి వచ్చి కూర్చున్నాడు.